మూడోనాటి ఎర్రమచ్చలు

నంద్యాల,
12-9-2024

అరుణకు,

ఫోన్ చేస్తే ఒకసారి మోగి ఆగిపోతాంది. వాణి నా ఫోన్ తీసుకుని చూసి, "చిన్నమ్మ నీ నంబరు బ్లాక్ చేసిందిమా" అంది. సరే, పోస్టాఫీసును ఎవరూ బ్లాక్ చేయలేరు గదా అని కాగితం తీసుకున్నా. పదో తరగతి పరీక్ష తర్వాత నేను ఇంత రాయడం ఇదే మొదలు. తప్పులుంటే నవ్వుకో. నవ్వినావని తెలిస్తే నాకూ సంతోషమే.

వాణి బాగుంది. బుడ్డోడు బాగున్నాడు, పాలు బాగా తాగుతున్నాడు. మీ బావ మనవడిని చూసుకుని మురిసిపోయి మూడు రోజులు గడ్డం గీసుకోవడం మరిచిపోయినాడు.

అసలు సంగతికి వస్తా. ఆ రోజు నిన్ను నలుగురి ముందు అన్నాను. పక్కకు పిలిచి అనాల్సింది, ఒప్పుకుంటా. కానీ నువ్వే ఆలోచించు. సోమవారం రెండోనాడే ఆసుపత్రి నుంచి బిడ్డను ఇంటికి తెచ్చినాం. నువ్వే కాళ్లు చాపుకుని కూచుని వాడికి మొదటి నీళ్లు పోసినావు. మంగళవారం తెల్లారి చూస్తే ఎదమీద, వీపుమీద, మొహంమీద ఎర్రమచ్చలు. దోమలు కుట్టినట్టు దద్దుర్లు, ఒక్కోదాని నడిమధ్య ఆవగింజంత తెల్లపొక్కు. నేను గుండె పట్టుకుని నిలబడి ఉంటే, మీ అత్త కంటి ఆసుపత్రిలో చూపించుకుని అటే మా ఇంటికి వచ్చింది. గడప దాటకముందే, "ఏందమ్మీ, లోపల తిరుగుతాండావ్? నిన్న అమావాస్య గదా. నువ్వు బయట కూచోవాల్సిన దినాలు గదా ఇవి" అంది. అప్పుడు నేను బిడ్డను చూసినా, నిన్ను చూసినా. నువ్వు తల దించుకున్నావు. ఇంక ఎవరైనా ఏమనుకుంటారు?

ముట్టుతో బిడ్డను పట్టుకున్నావని అన్నా. ఇంకో మాట కూడా అన్నానని వాణి చెప్తాంది. నాకు గుర్తు లేదు.

నువ్వు వెళ్లిపోయినాక వేపాకు, పసుపు నూరి పట్టించినా. దిష్టి తీసినట్టు తగులు తీయించినా. వారం తిరిగేసరికి ఒళ్లు శుభ్రంగా ఉంది, ఒక్క మచ్చ లేదు. తీయిస్తే పోయిందంటే తగిలిన మాట నిజమే గదా. అయినా నేను మనసులో ఏమీ పెట్టుకోలేదు. చిన్నదానివి, బిడ్డమీద ఆశతో చేసినావు. క్షమించేసినా. కోపం చాలించి ఫోన్ ఎత్తు.

నీ సున్నిపిండి డబ్బా ఇక్కడే ఉంది. ఎవరినీ ముట్టుకోనీయలేదు.

శివమ్మక్క

*

ఆళ్లగడ్డ,
17-9-2024

అక్కకు నమస్కారం.

ఉత్తరం అందింది. క్షమించినావని రాసినావు. వద్దు. ఆ క్షమాపణ నీ దగ్గరే ఉంచుకో, ఎప్పుడైనా నీకే అక్కరకు వస్తుంది.

బిడ్డ సంగతి మాత్రం రాస్తా, ఎందుకంటే వాడు నాకేమీ అనలేదు. ఆ పొద్దున నేను బ్యాగు సర్దుకునే ముందు వాడి ఫోటో తీసుకున్నా. ఇక్కడ మా వీధికి వచ్చే నర్సు హన్నమ్మకు చూపించినా. ఆమె ఇరవై ఏళ్లుగా పురుళ్లు చూస్తోంది. ఫోటో చూడగానే నవ్వింది. "దీనికేనా ఇంత మొగం మాడ్చుకుండేది? పుట్టినోళ్లల్లో సగం మందికి వస్తాదమ్మా ఇది. రెండోనాడో మూడోనాడో లేస్తాది. పొద్దున ఎద మీద ఉంటాది, సాయంత్రానికి ఆడ పోయి వీపు మీద తేల్తాది. ఏమీ పూయాకు. వారంలో దాని దోవన అది పోతాది" అంది. ఎందుకు వస్తుందని అడిగినా. కడుపులో నీళ్లల్లో ఉన్న చర్మం గాలికి, గుడ్డకు అలవాటు పడుతుందంట, అంతే అంది. ఎవరూ తగలాల్సిన పనిలేదు.

కాబట్టి నువ్వు వేపాకు పూసినా పోయేదే, పూయకపోయినా పోయేదే.

వాడి ముక్కు మీద తెల్లతెల్లని చుక్కలు ఉన్నాయి, నూకల్లాగా. వాటిని గిల్లొద్దు, పిండొద్దు. నీ చేయి ఊరుకోదని నాకు తెలుసు. అవీ నెలలోపు పోతాయంట. ఒకటి మాత్రం గుర్తు పెట్టుకో. ఒళ్లు కాలినా, పాలు తాగకుండా మగతగా పడి ఉన్నా, పొక్కుల్లో చీము పట్టినా, నీళ్లబొబ్బలు లేచినా, ఒక్క గంట కూడా ఆగకుండా డాక్టరు దగ్గరికి తీసుకుపో. హన్నమ్మ ఈ మాట రెండుసార్లు చెప్పింది.

ఇంకొక్క మాట. ఆ రోజు నాకు ముట్టు లేదు.

ఉత్తరాలు ఇంటికి రాయొద్దు. మీ మరిది రాళ్లు చెక్కే షెడ్డు అడ్రసు వెనక రాసినా. అక్కడికి రాయి.

అరుణ

*

నంద్యాల,
23-9-2024

అరుణకు,

మీ హన్నమ్మకు దండం. అయితే ఆమె ఫోటో చూసింది, నేను బిడ్డను చూసినా.

ముట్టు లేదని రాసినావు. సరే. అక్కతో కూడా ఇట్లా మాట్లాడాలా? మీ అత్త నీ దినాలు పంచాంగంలాగా చెప్తుంది. ప్రతి అమావాస్యకూ మూడు దినాలు వసారాలో కూచుంటావని, కోడలంటే అట్లుండాలని ఈ నంద్యాలలోనే నలుగురికి గొప్పగా చెప్పింది. ఆ ఒక్క నెలా తప్పిందా? బిడ్డను పట్టుకోవాలని ఆశపడి దాచినావు. ఆ మాట ఒప్పుకుంటే నీ నెత్తిన ఉన్న కొప్పు ఊడిపోదు గదా. చిన్నప్పుడు బెల్లం తిని మూతి తుడుచుకుని, "నేను కాదు" అని అమ్మ ముందు నిలబడేదానివి. ఇప్పుడూ అంతే.

ఇది పక్కన పెట్టు. ఇంకో దిగులు వచ్చిపడింది. వాడికి నడుం కింద, పిర్రల మీద నీలిమచ్చ ఉంది, అరచేయంత. వాణి అత్తగారు మొన్న వచ్చి గుడ్డ మార్చుతూ చూసి, "ఏందమ్మా ఇది, పిల్లోని యాడన్నా పడేసినారా? కమిలినట్టు ఉండాది" అని అడిగింది. ఆమె తన కొడుకు అజయ్ కుమార్‌కు కూడా ఫోన్ చేసి చెప్పిందంట. నీకు తెలిసి ఉంటుందని అడుగుతున్నా. నీళ్లు పోసేటప్పుడు నీ చేతిలో జారినాడా? గట్టిగా ఏమైనా పట్టుకున్నావా? ఉంటే ఉందని చెప్పు. నేను ఎవరికీ చెప్పను.

వాడిని తొట్లెలో వేసే పండగ వచ్చే నెల పెట్టుకుంటున్నాం. నువ్వు రావాలి.

శివమ్మక్క

*

ఆళ్లగడ్డ,
28-9-2024

అక్కా,

జారలేదు. గట్టిగా పట్టుకోలేదు. ఆ మచ్చ వాడు పుట్టినప్పుడే ఉంది. ఆసుపత్రిలో మొదటి రోజు తుండుగుడ్డలో చుట్టేటప్పుడే నేను చూసినా. మనలాంటి రంగున్న వాళ్ల పిల్లల్లో చాలామందికి ఉంటుందంట. కమిలితే వారంలో రంగు మారి ఆకుపచ్చగా, పసుపుగా తిరిగి పోతుంది, నొక్కితే బిడ్డ ఏడుస్తాడు. ఇది మారదు, నొప్పి లేదు. రెండేళ్లో మూడేళ్లో ఉండి నిదానంగా చర్మంలో కలిసిపోతుంది. ఈ మాట మీ వియ్యపురాలికి నువ్వే చెప్పు. డాక్టరు చీటీలో రాయించుకుని పెట్టుకో, రేపు ఇంకెవరైనా అడుగుతారు.

మీ మరిది రాయి తెచ్చుకున్నప్పుడు నీళ్లు చల్లి చూస్తాడు. మచ్చ ఉంటే ఉంటుంది, పని చేసుకుంటాడు. పగులు ఉంటే అక్కడ గీతలాగా తడి నిలిచిపోతుంది, ఆ రాయి పక్కన పడేస్తాడు. నువ్వు ముప్పై ఏళ్లు నన్ను చూసినావు, మచ్చేదో పగులేదో తెలుసుకోలేకపోయినావు.

తొట్లెకు రాను. ఉత్తరాలు రాయొద్దు.

అరుణ

*

నంద్యాల,
14-10-2024

అరుణమ్మకు,

వద్దన్నావు, అయినా రాస్తున్నా. నా మొండితనం నీకు కొత్త కాదు.

వాడికి నెల దాటినాక బుగ్గల మీద మొటిమలు లేచినాయి, పదహారేళ్ల పిల్లోడికి లేచినట్టు. మాడు మీద పొట్టు కట్టింది, పసుపుపచ్చగా, జిడ్డుగా. నేను ఊరుకోలేక పసుపు, శనగపిండి కలిపి బుగ్గలు రుద్దినా. రెండోరోజుకు చర్మం లేచి ఎర్రగా పుండయింది. వాడు పాలకు మొహం ఆనించలేక ఏడ్చినాడు. వాణి నన్ను ఒక చూపు చూసింది అరుణా. కన్నకూతురు అట్లా చూడటం నాకిదే మొదటిసారి.

పిల్లల డాక్టరమ్మ దగ్గరికి పోయినాం. ముందు నన్ను తిట్టింది. "మొటిమలు తల్లి రక్తం నుంచి వచ్చినవాటి వల్ల లేస్తాయి, వాటంతటవే పోతాయి. మాడు మీద పొట్టుకు కొంచెం నూనె రాసి మెత్తగా దువ్వితే చాలు. పుండు మాత్రం మీరు చేసిందే" అంది. వాణి ఫోన్ తీసి మూడోనాటి ఎర్రమచ్చల ఫోటోలు చూపించింది. నడుం మీది నీలిమచ్చ చూపించింది. డాక్టరమ్మ ఒక్కో మాట చెప్తుంటే నాకు నీ ఉత్తరం చదివినట్టే ఉంది. అవే మాటలు, అదే వరస. నేను ఆగలేక, "తల్లీ, ముట్టయిన మనిషి ఎత్తుకుంటే ఈ మచ్చలు రావా?" అని అడిగినా. ఆమె కళ్లజోడు తీసి, "ఎవరినన్నా అన్నారా మీరు ఆ మాట?" అని అడిగింది.

నాదే తప్పు. నీళ్లు పోసిన చేయిని పట్టుకుని దోషం అన్నాను. నువ్వు ముట్టుతో ఎత్తుకున్నా బిడ్డకు ఏమీ కాదంట, కాబట్టి ఇంక నువ్వు దాచాల్సిన పనీ లేదు, సిగ్గుపడాల్సిన పనీ లేదు. ఆ రోజు దినాల్లో ఉన్నావు, అయితే ఏంది? ఆ సంగతి వదిలేద్దాం.

ఇంకో మాట అన్నానని వాణి చెప్పిందని మొదటి ఉత్తరంలో రాసినా. గుర్తు లేదన్నా. గుర్తుంది. అబద్ధం చెప్పినా.

తొట్లె వాయిదా వేసినాం, బుగ్గలు మానాలని. నీకోసం కూడా.

శివమ్మక్క

*

ఆళ్లగడ్డ,
21-10-2024

అక్కా,

ఈ ఉత్తరం చదివినాక పొయ్యిలో వెయ్యి. వాణికి కూడా చూపించొద్దు.

"గొడ్రాలికి బిడ్డ విలువ యాడ తెలుస్తాది?" ఇదీ నువ్వన్న ఇంకో మాట. మీ వియ్యపురాలు విన్నది, మా అత్త విన్నది. నీకు గుర్తుండటం నాకు సంతోషమే. నేనొక్కదాన్నే దాన్ని మోయాల్సిన పని లేదు.

నువ్వు రాసిన క్షమాపణ మూడుసార్లు చదివినా. నన్ను ఇంకా అబద్ధాలకోరుగానే ఉంచి, ఆ అబద్ధాన్ని మన్నించినావు. అందుకే చెప్తున్నా.

ఏడేళ్ల కింద మీ మరిదీ నేనూ బళ్లారి దగ్గర ఒక గుడిలో విగ్రహం నిలబెట్టడానికి పోయి మూడు వారాలు ఉన్నాం, గుర్తుందా? విగ్రహం నిలబెట్టింది మూడు రోజుల్లోనే. మిగతా దినాలు నేను కర్నూలులో ఆసుపత్రిలో ఉన్నా. అంతకుముందు ఏడాదిగా నెలకు ఇరవై రోజులు నెత్తురు పోయేది. గడ్డలున్నాయి, గర్భసంచి తీయకపోతే మనిషి దక్కదన్నారు. తీసేసినారు. కింద నుంచే తీసినారు, పొట్ట మీద కుట్టు కూడా లేదు. మీ మరిదికీ నాకూ తప్ప ఎవరికీ తెలియదు.

అప్పటి నుంచి నాకు ముట్టు లేదు అక్కా. ఏడేళ్లుగా లేదు. నేను ఎత్తుకుంటే మీ బిడ్డకు తగిలేదానికి నా దగ్గర ఏమీ లేదు.

నీకు ఎందుకు చెప్పలేదంటావు. నీ నోట్లో నువ్వుగింజ నానదు. మా అత్తకు తెలిస్తే కొడుకుకు ఇంకో పెళ్లి మాట ఎత్తుతుంది. ఆయన చేసుకోడు, నాకు తెలుసు. కానీ రోజూ ఆ మాట వింటూ ఆ ఇంట్లో అన్నం తినాల్సింది నేను. అందుకని ప్రతినెలా మూడు దినాలు వసారాలో కూచుంటా, వేరే పళ్లెం, వేరే చెంబు పెట్టుకుని. తేదీ మరిచిపోకుండా అమావాస్య పెట్టుకున్నా. పెట్టుకునేటప్పుడు ఒకటి తట్టలేదు. దీపావళి ఎప్పుడూ అమావాస్యకే వస్తుంది. ఈ ఇంట్లో ఏడు దీపావళులుగా నేను ఒక్క దీపం వెలిగించలేదు.

మార్చుకోవచ్చు గదా అంటావు. ఒక నెల నాలుగు రోజులు జరిపి చూసినా. నాలుగో రోజు మా అత్త నాకు చెప్పకుండా పోయి మామిడికాయలు తెచ్చింది. గంప నిండా. నెల తప్పిందనుకుంది. ఆమె మొహంలో ఆ సంతోషం చూసి, ఆ సాయంత్రమే వసారాలో పోయి కూచున్నా. ఆమె ఆ కాయలన్నీ కోసి ఊరగాయ పెట్టింది. మళ్లీ ఎప్పుడూ జరపలేదు.

మీ ఇంటికి వచ్చినప్పుడు, ఈ ఒక్క అమావాస్యా కూచోకుండా ఉందామనుకున్నా. మా అత్త అక్కడ ఉండదు, అక్క ఇల్లు, బిడ్డ పుట్టినాడు. ఒక్క నెల ఉన్నదున్నట్టు ఉందామని. ఆ ఒక్క నెలే.

"మీ అత్త చెప్పింది నిజమేనా?" అని నువ్వు నన్ను పక్కకు పిలిచి అడిగి ఉంటే చెప్పేదాన్ని. నువ్వు అడగలేదు. చెప్పినావు, అందరికీ వినబడేటట్టు. అక్కడ నోరు తెరిస్తే ఏడేళ్లు పోతాయి, తెరవకపోతే నువ్వన్నది నిజమవుతుంది. తల దించుకున్నది అందుకు.

అరుణ

*

నంద్యాల,
4-11-2024

నా అరుణకు,

పొయ్యిలో వేసినా. వేసినాక ఎందుకు వేస్తినా అని ఏడ్చినా, మళ్లీ చదువుకునేదానికి లేకుండా పోయె గదా అని. తర్వాత చూస్తే చదవాల్సిన పనే లేదు, మాట మాటా నోటికి వచ్చేసింది.

దీపావళికి దీపాలు పెడుతూ పెడుతూ సగంలో ఆపి వత్తులు వాణి చేతికి ఇచ్చేసినా. తెల్లారి లేచి వాణినీ బిడ్డనూ వెంటబెట్టుకుని ఆళ్లగడ్డ బస్సెక్కినా. ఇదంతా నీకు తెలుసు, నువ్వు అక్కడే ఉన్నావు. కానీ అక్కడ నేను అనాల్సిన మాట నోరు విప్పి అనలేకపోయినా, అందుకే ఇప్పుడు రాస్తున్నా.

మీ వీధి మలుపులో ఉలి చప్పుళ్లు వినబడే దాకా నాకు తట్టలేదు, ఆ రోజు ఏ రోజో. వసారాలో చాప మీద నువ్వు కూచుని ఉన్నావు, పక్కన వేరే చెంబు. మీ అత్త ఎదురొచ్చి, "ఆమె బయటుందమ్మా. నిన్నట్నుంచి. దూరంగా రాండి, బిడ్డతో ఉండారు" అంది. ఎంత భద్రంగా చెప్పిందో. బిడ్డ మీద ప్రేమతోనే చెప్పింది, నేను నిన్ను అన్నప్పుడు నాకున్నటువంటి ప్రేమతోనే.

ఆమె ముందు నేను నిజం చెప్పకూడదు. నీ కాళ్లమీద పడకూడదు. కనీసం దగ్గరికి వచ్చి పట్టుకోకూడదు. చివరికి తెగించి, బిడ్డను నీ వైపు చాచినా. "తీసుకో అరుణా, ముట్టు ఉన్నా ఏం కాదని డాక్టరమ్మే చెప్పింది" అన్నా. మీ అత్త, "అయ్యో అయ్యో" అని కేకేసింది. ఆ కేకకు కాదు నేను బిత్తరపోయింది. నువ్వు రెండు చేతులూ వెనక్కి తీసుకుని కొంగులో దాచుకున్నావు. "వద్దక్కా. నేను బయటుండా" అన్నావు.

అరుణా, నేను నేర్పిన మాటే గదా అది.

కాఫీ తాగి, రెండు అరటిపళ్లు తీసుకుని వచ్చేసినాం. బస్సులో వాణి, "చిన్నమ్మ వాడిని చూసిన చూపు చూసినావామ్మా" అని అడిగింది. చూసినా. ఎవరికీ ఏమీ చెప్పలేదు. నా నోట్లో ఇప్పుడు నువ్వుగింజ నానుతాంది.

అమావాస్యల సంగతిలో నాకొక ఆలోచన వచ్చింది. వచ్చే అమావాస్యకు నువ్వు ఇక్కడికి రా. అదే రోజు రా. మా వియ్యపురాలిని కూడా పిలుస్తా. అందరి ముందు నువ్వే నీళ్లు పొయ్యి. నలుగురి ముందు అన్నదాన్ని నలుగురి ముందే దిద్దుకుంటా. డబ్బా కడిగి ఎండబెట్టి కొత్త సున్నిపిండి పోసి పెట్టినా.

నీ శివమ్మక్క

*

ఆళ్లగడ్డ,
11-11-2024

అక్కా,

చేతులు వెనక్కి తీసుకున్నది నీ మీద కోపంతో కాదు. కోపం లేదని కాదు, ఉంది. కానీ అది కాదు. రేపు వాడికి చెమటపొక్కులు లేస్తాయి. పాలు కక్కి మెడ మడతల్లో ఎర్రగా అవుతుంది. పిల్లల ఒళ్లు అంతే, రోజుకొకటి లేస్తుంది, పోతుంది. నేను ఎత్తుకున్న మరుసటి రోజు ఏది లేచినా నాదే అవుతుంది. ఇప్పుడు నువ్వు అనవు. నీకు తెలుసు గాబట్టి అనవు. తెలియని వాళ్లు అంటారు, నువ్వు అన్నట్టే.

అమావాస్యకు రమ్మన్నావు. నీ మనసు పెద్దదే. కానీ నలుగురి ముందు దిద్దుకునేది నీ మాట, మా అత్త చెవిన పడితే కూలేది నా ఇల్లు. అంతా అయిపోయినాక నువ్వు తలుపేసుకుంటావు, నేను బస్సెక్కి అదే వసారాకు రావాలి. నా వసారా నాకు ఉండనీ.

వేరే ఏ రోజైనా వద్దామని బట్టలు కూడా సర్దుకున్నా, మొన్న బుధవారం. బస్టాండు దాకా పోయినా. బస్సు వచ్చింది, పోయింది.

అమ్మ చెప్పేది గుర్తుందా, బిడ్డ కూచునే దాకానే కాళ్ల మీద నీళ్లు అని. వెన్ను నిలబడినాక కాళ్ల మీద పడుకోడు. పీట వేయాల్సిందే. ఇంకా మూడున్నర నెలలు ఉంది. అంతలోపు నాకు ధైర్యం వస్తుందేమో చూస్తా. నీళ్లు మోచేయితో చూసుకుని పొయ్యి, అరచేయితో కాదు. నీ అరచేతులు మొద్దుబారినాయి.

అరుణ

*

నంద్యాల,
3-1-2025

అరుణకు,

నువ్వు చెప్పిందే జరిగింది. చలి అని వాడికి మూడు గుడ్డలు చుట్టి, పైన ఉన్ని టోపీ పెట్టినాం. మెడ మీద, వీపు మీద చెమటపొక్కులు, సన్నగా, ఇసుక చల్లినట్టు. మా వియ్యపురాలు చూసి నోరు తెరిచింది. ఆమె ఒక్క అక్షరం అనకముందే నేను అన్నా: "ఎవరూ తగల్లేదు, ఏమీ కాలేదు. గుడ్డలు తీసేయండి." ఒక పలుచని చొక్కా వేసినాం. రెండు రోజుల్లో పోయినాయి. ఎవరి పేరూ ఎవరూ ఎత్తలేదు. ఇంత సులువైన మాటను ఆ రోజు నా నోరు ఎందుకు అనలేకపోయిందో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు.

నీళ్లు నేనే పోస్తున్నా. మోచేయితోనే చూస్తున్నా. కాళ్లు చాపుకుని పావుగంట కూచుంటే లేవలేను, వాణి వచ్చి చేయి పట్టుకుని లేపాలి. వాడు నా కాళ్ల మీద బిగదీసుకుంటాడు. నీ కాళ్ల మీద ఆ మొదటి రోజు ఎంత వదులుగా పడుకున్నాడో, కళ్లు మూసుకుని, నోరు కొంచెం తెరిచి. అది నేను చూసినా. చూసి కూడా అన్నాను.

అమావాస్య అనను. ఏ రోజైనా. పొద్దున ఫోన్ కూడా చేయొద్దు, వచ్చేయ్. రోజూ ఏడింటికి నీళ్లు కాగుతాయి.

నీ శివమ్మక్క

*

ఆళ్లగడ్డ,
20-1-2025

అక్కా,

నీ నంబరు బ్లాక్ తీసేసినా. అయినా ఫోన్ చేయొద్దు, నీ గొంతు వింటే ఆ రోజు గొంతే వినబడుతుంది. ఉత్తరం అయితే నీ అక్షరాలు వంకరగా ఉంటాయి, మనిషి మెత్తగా కనబడుతుంది.

వస్తా. మీ మరిది ఒక నంది విగ్రహం చెక్కుతున్నాడు, మాఘంలో ఇచ్చేయాలి. అది అయినాక తోడు వస్తానన్నాడు. ఒక్కదాన్నే అయితే మళ్లీ బస్టాండులోనే ఆగిపోతా.

అరుణ

*

నంద్యాల,
28-2-2025

అరుణా,

నిన్న వాడు కూచున్నాడు.

చాప మీద బోర్లా వేసి నేను గిన్నెలు కడుగుతున్నా. వాణి ఒకటే కేక. పోయి చూస్తే రెండు చేతులూ ముందు ఆనించుకుని, తర్వాత అవీ తీసేసి, ఎవరి ఆసరా లేకుండా నిటారుగా కూచుని మా వైపు చూసి నవ్వుతున్నాడు. మీ బావ చప్పట్లు కొట్టినాడు. వాణి అజయ్ కుమార్‌కు వీడియో పంపింది. వీధిలోవాళ్లు కూడా వచ్చినారు. నేనొక్కదాన్నే తడిచేతులతో గుమ్మంలో నిలబడిపోయినా. వాణి, "ఏందిమా, సంతోషం లేదా?" అంది.

ఈ పొద్దున కాళ్లు చాపి వాడిని పడుకోబెట్టినా. పడుకోలేదు. లేచి లేచి కూచుంటాడు, చెంబు కోసం చేయి చాపుతాడు. రెండుసార్లు చూసినా. మూడోసారి మీ బావ అటక మీద నుంచి పీట దించి తెచ్చినాడు.

నిన్న అమావాస్య అని క్యాలెండరు చూసినాక తెలిసింది. వాడు కూచున్న గంటకు నువ్వూ ఆ వసారాలో కూచునే ఉంటావు.

నంది పని ఎక్కడి దాకా వచ్చిందో తెలియదు. నిన్ను తొందరపెట్టే హక్కు నాకు లేదు. ఆరు నెలలు దేవుడిచ్చినాడు, అందులో మొదటి రోజు తప్ప అన్నీ నేనే పోగొట్టినా. ఒంటిమీద లేచినవన్నీ పోయినాయి అరుణా. మూడోనాటి ఎర్రమచ్చలు వారంలో పోయినాయి. ముక్కు మీది చుక్కలు పోయినాయి, బుగ్గల మీది మొటిమలు పోయినాయి, చెమటపొక్కులు పోయినాయి. నేనన్న మాట మాత్రం నీ దగ్గరే ఉండిపోయింది.

ఒకటే మిగిలింది. నడుం కింద ఆ నీలిమచ్చ. పొద్దున పీట మీద నీళ్లు పోస్తూ చూసినా. కొంచెం వెలిసినట్టుంది. రెండేళ్లో మూడేళ్లో ఉంటుందని నువ్వే రాసినావు.

అది పోయేలోపలన్నా రా.

నీ శివమ్మక్క